సీలు వేసిన అద్దం

అక్టోబరు ఇరవై నాలుగో తేదీ, గురువారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు కిర్మోజెరో గ్రామంలోని కుబాసొవ్ గృహ మ్యూజియంలో తనిఖీ సంఘం సమావేశమైంది. హాజరైనవారు: సంఘాధ్యక్షుడు, ప్రాంతీయ పర్యాటక శాఖ అధికారి ఇన్నొకెంతి ల్వోవిచ్, సభ్యురాలు, అదే శాఖలో యాత్రికుల అభిరుచులను లెక్కగట్టే నిపుణురాలు రిమ్మా అల్బెర్తొవ్నా, మ్యూజియం సంరక్షకురాలు ఫయీనా లుకీనిచ్నా, గది కాపలాదారు ఉస్తిన్యా ప్రోఖొరొవ్నా, వయస్సు ఎనభై తొమ్మిది, కుర్చీలో కూర్చుని ఉన్నది. కార్యదర్శి హాజరు కాలేదు. కారణం: పంటినొప్పి.

ఈ వాక్యాలను రాసింది ఫయీనా. కార్యదర్శి లేకపోవడంతో అధ్యక్షుడు కలమూ కాగితాలూ ఆమె ముందుకు జరిపి, ప్రతి పనికీ వేళ వేయమనీ, నిమిషం కూడా తప్పరాదనీ హెచ్చరించాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లోని ప్రతి చెంచాకూ, ప్రతి కదురుకూ సంఖ్య వేసి పుస్తకానికెక్కించిన మనిషికి అటువంటి హెచ్చరిక చేయడం చేపకు ఈత నేర్పడమే. సాయంత్రమయ్యేసరికి ఆ మాట అన్న నోటిని తానే తిట్టుకోవలసి వస్తుందని ఇన్నొకెంతి ల్వోవిచ్‌కు అప్పటికి తెలియదు.

సంఘం వచ్చిన పని ఒక్కటే. 'వెండి సరస్సుల బాట' అనే యాత్రామార్గంలో ఈ ఇల్లు ఉండాలా, పోవాలా అన్నది తేల్చాలి. పోతే ఇంటికి తాళం పడుతుంది. వస్తువులు పెట్టెలకెక్కి పట్టణంలోని గిడ్డంగికి చేరుతాయి. గది మధ్యనున్న పెద్ద పొయ్యి చల్లారిపోతుంది. పొయ్యి చల్లారిన దుంగల ఇల్లు మూడు శీతాకాలాలకు మించి నిలబడదని కిర్మోజెరోలో పసిపిల్లలు సైతం చెబుతారు. సరస్సు ఒడ్డున అలాంటివి ఇప్పటికే నాలుగున్నాయి, కప్పులు వంగి, కిటికీలు కూలి. ఫయీనా రోజూ వాటి ముందు నుంచే పనికి వస్తుంది. వాటి వైపు చూడదు.

తేల్చవలసిన పత్రంలో ఇరవై రెండు గళ్లున్నాయి. ప్రాణం మాత్రం పద్నాలుగో గడిలో ఉంది: 'ఉద్యోగ నిమిత్తం గాక, ఎవరి బలవంతమూ లేక, యాత్రికుడు ఈ స్థలంలో గడిపిన కాలం.' అది రెండు గంటలకు తగ్గితే ఆ స్థలాన్ని బాట నుంచి తొలగించాలి. అక్టోబరులో కిర్మోజెరోకు యాత్రికులెవరూ రారు గనుక, నిబంధనల ప్రకారం సంఘ సభ్యులనే యాత్రికులుగా భావించుకోవాలి.

రిమ్మా అల్బెర్తొవ్నా వెంటనే తనను తాను యాత్రికురాలిగా భావించుకున్నది. సెల్‌ఫోనులో గడియారం నొక్కి, మూడు గదులూ చుట్టి, పూలు చిత్రించిన రాట్నాలను, మంచు మీద లాగే స్లెడ్జి బండిని, తేనీటికి నీళ్లు కాచే మూడు ఇత్తడి సమోవార్లను, చెక్క చట్రంలోని నిలువుటద్దాన్ని చూసి, తిరిగివచ్చి గడియారం ఆపింది. పదకొండు నిమిషాలు.

"చాలా శ్రద్ధగా చూశాను మళ్లీ," అన్నది రిమ్మా. "స్లెడ్జి దగ్గర రెండుసార్లు ఆగాను."

ఫయీనా కాగితం మీద 'పదకొండు నిమిషాలు' అని రాసింది. ఆ మాటల మీద సిరా ఆరేదాకా తల ఎత్తలేదు.

ఆపైన రిమ్మా, యాత్రికుడికి కావలసినదేమిటో అరగంట సేపు వివరించింది. దూరదేశాల నుంచి వచ్చేవాడు రష్యా ఆత్మను వెతుక్కుంటూ వస్తాడనీ, దానికి అతను సగటున ఎనిమిది నిమిషాలు కేటాయిస్తాడనీ, ఆ ఎనిమిది నిమిషాల్లో ఆత్మ కంటపడకపోతే తినుబండారాల వైపు వెళ్లిపోతాడనీ చెప్పింది. పక్క ఊళ్లో బలలైకా వాద్యం చేతికిచ్చి నిలబెట్టిన గడ్డి కూరిన ఎలుగుబంటి ఉందట. దాని పక్కన ఫోటో దిగడానికి జనం నలభై నిమిషాలు వరుసలో నిలుచుంటారట.

కుర్చీలోంచి ఉస్తిన్యా అవ్వ కళ్లు తెరవకుండానే అన్నది: "ఎలుగుబంటిని చూడ్డానికి అంత దూరం పోవడమెందుకమ్మాయ్? సెప్టెంబరులో మా చెత్తకుండీ దగ్గరికే వస్తుంది. వరుసలో కూడా నిలబడక్కర్లేదు. జనమే పారిపోతారు."

ఫయీనా ఆ సమయంలో సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి అధ్యక్షుడి ముందు పెట్టింది. రెండు వేసవుల కిందట పోర్చుగల్ నుంచి వచ్చి, అవ్వ పోసిన తేనీరు తాగుతూ పడవ తప్పిపోయిన ఒక విశ్రాంత ట్రామ్ డ్రైవరు రాసినది. ప్రయాణానికి ముందు అందరూ ఒక్క నిమిషం మౌనంగా కూర్చుని లేవడం ఈ ఇంట్లో నేర్చుకున్నాననీ, ఇప్పుడు తన ఇంట్లో చేపల బజారుకు వెళ్లాలన్నా కూర్చునే బయలుదేరుతున్నామనీ, మొదట నవ్విన భార్యే ఇప్పుడు తనను కూర్చోమని గదమాయిస్తున్నదనీ అతను రాశాడు. ఒక సందేహం కూడా అడిగాడు: అందరికన్నా పెద్దవారు ముందు లేవాలి కదా, ఇంట్లో ఉన్నది ఇద్దరే అయి, భార్య తన అసలు వయస్సు చెప్పకపోతే ఏం చేయాలి?

ఇన్నొకెంతి ల్వోవిచ్ ఉత్తరం చివరిదాకా చదివాడు. చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

"బాగుంది. కాని దీనికి గడి లేదు."

తర్వాత వస్తువుల తనిఖీ మొదలైంది. నూట నలభై రెండు వస్తువులు సరిపోయాయి. నూట నలభై మూడోది నిలువుటద్దం. పుస్తకంలో 'పైన్ చెక్క చట్రం' అని ఉంది. ఇన్నొకెంతి ల్వోవిచ్ ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, గోటితో గీకి, అది పైన్ కాదనీ, ఆల్డర్ అనీ ప్రకటించాడు. ఫయీనాకు ముందు పనిచేసిన సంరక్షకుడు తాగిన మైకంలో రాసిన తప్పు అది. ఇరవై ఆరేళ్లుగా దాన్ని దిద్దడానికి అనుమతి కోరుతూ ఆమె ఏటా ఒక అర్జీ పంపుతూనే ఉంది. ఆ సంగతి చెప్పినా ఆయన వినలేదు. పుస్తకంలోని అద్దం పోయి, దాని స్థానంలో వేరే అద్దం వచ్చి ఉండవచ్చు గదా. విచారణ ముగిసేదాకా ఈ వస్తువును ఎవరూ వాడరాదు, చూడరాదు. అద్దానికి నిలువునా దుప్పటి చుట్టించి, తాళ్లతో కట్టించి, ముడి మీద లక్క పోసి, జేబులోంచి శాఖవారి గుండ్రటి ముద్ర తీసి స్వహస్తాలతో సీలు వేశాడు.

ముసుగు వేసిన అద్దాన్ని చూసి అవ్వ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నది. "చావు జరిగిన ఇంట్లోనే అద్దం కప్పుతారు. ఇప్పుడు గుమ్మంలోకొచ్చిన ప్రతివాడూ ఎవరు పోయారని అడుగుతాడు. ఏం చెప్పమంటావు నాయనా?"

"విచారణ జరుగుతోందని చెప్పండి బామ్మగారూ."

"పోయినవాడి మీదా?"

పన్నెండు గంటల నలభై నిమిషాలకు పని పూర్తయిందని ఫయీనా నమోదు చేసింది. ఊళ్లో పడవ నడిపే సవేలి ఒంటిగంటకు రేవు నుంచి కదలాలి. రిమ్మా కోటు తొడుక్కున్నది. ఇన్నొకెంతి ల్వోవిచ్ సంచీ చేతికి తీసుకున్నాడు. తీసుకుని, ఆయన గుమ్మం వైపు కాక బల్ల వైపు నడిచి కూర్చున్నాడు. రిమ్మా పక్కన కూర్చున్నది. ఫయీనా వాళ్ల ఎదురుగా కూర్చున్నది. కూర్చోండని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రష్యాలో పుట్టినవాడు ప్రయాణానికి ముందు కూర్చోవడానికి ఆజ్ఞ అక్కర్లేదు, మోకాళ్లే మడుచుకుంటాయి.

నిమిషం గడిచింది. ఇక అందరిలోకీ పెద్దవారు 'ఇక దేవుడే దిక్కు, పదండి' అని లేవాలి. పెద్దది ఉస్తిన్యా అవ్వ. అవ్వ లేవలేదు. నలభై ఏళ్ల కాపలా ఉద్యోగంలో ఆమె కళ్లు తెరిచే నిద్రపోవడం నేర్చుకున్నది. ఇప్పుడు ఆ కళ్లు తెరుచుకుని, స్లెడ్జి బండి వైపు నిశ్చలంగా చూస్తున్నాయి.

మూడో నిమిషంలో ఇన్నొకెంతి ల్వోవిచ్ చిన్నగా దగ్గాడు. ఏడో నిమిషంలో రిమ్మా, ఎవరైనా ఆవిడను తట్టి లేపవచ్చు కదా అని గుసగుసలాడింది. లేపవచ్చని, కాని ముందు తట్టేవాళ్లు లేవాలి కదా అని ఫయీనా గుసగుసగానే జవాబిచ్చింది. పన్నెండో నిమిషంలో అధ్యక్షుడు, తాను ఇవన్నీ నమ్మనని అన్నాడు. విద్యార్థిగా ఉన్న రోజుల్లో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పల్లెపల్లెకూ తిరిగి ఉపన్యాసాలిచ్చినవాడినన్నాడు. అనవలసినదంతా కూర్చునే అన్నాడు.

ఇరవై అయిదో నిమిషంలో అవ్వ రెప్పలార్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అని ఆశ్చర్యపడి, "ఇక దేవుడే దిక్కు, పదండి," అని కర్ర ఊనుకుని లేచింది. ఒంటిగంట అయిదు నిమిషాలు. ఫయీనా రాసుకున్నది.

రేవులో సవేలి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. కూర్చుని ఉంటారనే అనుకున్నానన్నాడు. సంఘం పడవలో అడుగుపెట్టబోతుండగా ఇన్నొకెంతి ల్వోవిచ్ చెయ్యి జేబులోకి వెళ్లింది, రెండో జేబులోకి వెళ్లింది, ముఖం పాలిపోయింది. గుండ్రటి ముద్ర లేదు. లక్క ఆరడానికి పెట్టిన కిటికీ గట్టు మీదనే మరిచిపోయాడు. ప్రభుత్వ ముద్రను పోగొట్టుకున్న అధికారి ఇంటికి వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే.

ఆయన తిరిగి పరుగెత్తాడు. ఫయీనా అప్పటికే ముద్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఆయన వాకిట్లో ఉన్నాడు; ఆమె లోపల ఉన్నది. ఆయన చెయ్యి చాచాడు, ఆమె చెయ్యి చాచింది, రెండు చేతులూ గడపకు ఈవలా ఆవలా గాలిలో ఆగిపోయాయి. గడప మీదుగా వస్తువులు ఇచ్చిపుచ్చుకోరు. అలా చేస్తే ఇద్దరికీ జన్మలో పొత్తు కుదరదు. ఆమె బయటికి రావచ్చు. కాని పొయ్యి మీద పాలున్నాయి. ఆయన నిట్టూర్చి గడప దాటి లోపలికి వచ్చి ముద్ర అందుకున్నాడు. ఒంటిగంట ముప్ఫై నిమిషాలు.

రిమ్మాతో పాటు వెనకాలే వచ్చిన సవేలి వాకిట్లోనే నిలబడి టోపీ తీశాడు.

"సార్, దారి మధ్యలో వెనక్కొచ్చారు, అపశకునం. అద్దంలో మొహం చూసుకుని రండి, పోదాం."

"నువ్వు పడవ నడుపు. అద్దం సంగతి నేను చూసుకుంటాను."

"అదే చెప్తున్నా, చూసుకోండి. మూడేళ్ల కింద లెక్కల మాస్టారు ఇట్టాగే గొడుగు మర్చిపోయి ఎనక్కొచ్చాడు. అద్దం చూడలా. నడి సరస్సులో ఇంజను ఆగింది. తొమ్మిది గంటలు తెడ్లేశాం. అద్దం చూడని మనిషిని నేను ఎక్కించుకోను. ఎక్కించుకుంటే మా ఆవిడ నన్ను ఇంట్లో ఎక్కించుకోదు."

కిర్మోజెరోకు రోడ్డు లేదు. ఉన్న పడవ ఒక్కటి; నడిపేవాడు ఒక్కడు. ఇన్నొకెంతి ల్వోవిచ్ మెల్లగా తల తిప్పి, గోడ వారన దుప్పటి కప్పుకుని నిలుచున్న వస్తువు వైపు చూశాడు. దాని ముడి మీద శాఖవారి రెండు తలల గద్ద ఎర్రటి లక్కలో ఆయననే చూస్తున్నది.

రిమ్మా తన చేతిసంచీలోంచి పౌడరు డబ్బా తీసింది. మూతలో అద్దం ఉంది. పొద్దున పడవలో కిందపడి అడ్డంగా పగిలింది. పగిలిన అద్దంలో చూసుకోవడం కన్నా అసలు చూసుకోకపోవడమే నయమని అందరికీ తెలుసు గనుక ఆమె డబ్బా మూసింది. సెల్‌ఫోను తీసి అందులో ముఖం చూపించబోయింది. అవ్వా, సవేలీ ఒకే మాటగా పనికిరాదన్నారు.

"అద్దం మొహాన్ని తిరిగి ఇచ్చేస్తుంది," అని అవ్వ విడమరిచి చెప్పింది. "ఇది దాచుకుంటుంది. లెక్కలోకి రాదు."

సమోవార్లు మూడు ఉన్నాయి, తళతళ మెరుస్తూ. మొదటిదానిలో అధ్యక్షుడి ముఖం పళ్లెంలా సాగింది. రెండోదానిలో దోసకాయలా పొడుగైంది. మూడోదానిలో ముక్కు ఒక్కటే కనిపించింది. తిరిగి వెళ్లేది ఏ మనిషో దారికి తెలియాలి గదా, ఇది ఈయనేనని ఎవరు ఒప్పుకుంటారు అని సవేలి అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. సరస్సులో గాలికి అలలు లేస్తున్నాయి. బకెట్లో నీళ్లు పోసి చూడవచ్చని రిమ్మా అన్నది. కొత్త ఏడాదిలో పెళ్లికాని పిల్లలు బకెట్లోకి చూస్తారనీ, చూస్తే కాబోయే జంట కనిపిస్తుందనీ అవ్వ చెప్పింది. ఇన్నొకెంతి ల్వోవిచ్‌కు పెళ్లయి ముప్ఫై రెండేళ్లు. బకెట్టు దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం తటపటాయించి, వంగకుండానే తిరిగివచ్చాడు.

ఈలోగా మధ్యాహ్నం సాగిపోతున్నది. ఇంట్లోకి వచ్చిన మనిషికి తేనీరు పోయకుండా ఉండటం ఫయీనా చేత కాదు. పోశాక ఒక్క కప్పుతో ఆపడం అవ్వ చేత కాదు. చేపలు కూరి కాల్చిన పెద్ద రొట్టె వచ్చింది, పుట్టగొడుగుల ఊరగాయ వచ్చింది, ఉప్పు వేసిన వెన్న వచ్చింది. పొయ్యి పైన వెచ్చగా పడుకునే అరుగు పొడవెంతో కొలవడానికి ఎక్కిన రిమ్మా చాలాసేపటిదాకా దిగలేదు. కొలత టేపు చేతిలో పట్టుకుని గొర్రెతోలు మీద గాఢనిద్రలో ఉంది. సవేలి వాకిట్లోంచి గదిలోకీ, గదిలోంచి బల్ల దగ్గరికీ చేరి, అధ్యక్షుడికి సరస్సు లోతుల గురించి చెప్పాడు. అధ్యక్షుడు తిన్నాడు. మూడో కప్పు దగ్గర మెడలోని టై వదులు చేశాడు. అయిదో కప్పు దగ్గర, చిన్నప్పుడు తన నాయనమ్మ ఇంట్లో కూడా ఇటువంటి పొయ్యి ఉండేదనీ, దాని పక్క గూటిలో తడిసిన చేతితొడుగులు ఆరేసేవాళ్లనీ అన్నాడు. అని, ఎందుకన్నానా అన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు.

ఫయీనా వినలేదన్నట్టు కిటికీ వైపు చూసింది. వెలుగు పలచబడుతున్నది.

"నాలుగున్నర దాటితే నేను పడవ తియ్యను," అన్నాడు సవేలి. "అప్పుడు అద్దమున్నా లేకున్నా ఒకటే."

ఇన్నొకెంతి ల్వోవిచ్ లేచి దుప్పటి ముందు నిలబడ్డాడు. చివరికి అడిగాడు: "సీలు తియ్యడానికి ఏం కావాలి?"

ఆయనకు తెలియక కాదు. తెలిసినది మరొకరి నోట వినాలని. ఫయీనా నిబంధనల పుస్తకం తెరిచింది. సీలు తియ్యాలంటే విచారణ ముగియాలి. విచారణ ముగియాలంటే చట్రం విషయంలో పుస్తకాన్ని దిద్దాలి. ఆ అధికారం సంఘాధ్యక్షుడిది. కాబట్టి అది చిక్కు కాదు. కాని పుస్తకాన్ని దిద్దే పత్రంలో మొదటి వరుస: 'సంస్థ స్థితి: నడుస్తున్నది / మూతపడుతున్నది'. మూతపడుతున్న సంస్థలో దేన్నీ దిద్దరాదు. ఉన్నవి ఉన్నట్టే, సీళ్లతో సహా, గిడ్డంగికి పోవాలి.

"ఇంకా మూయలేదు కదండీ," అన్నాడాయన.

"మూసినట్టే కదా. పద్నాలుగో గడిలో పదకొండు నిమిషాలు పడితే." ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"పదకొండు అని రాసింది మీరే."

"అవును, పదకొండే గనుక రాశాను. గడియారం ఏది చెప్తే అది రాశాను. ఇప్పుడూ అదే గడియారం." ఆమె కాగితం ముందుకు జరిపింది. "చూసింది పదకొండు నిమిషాలు. తనిఖీ ఉద్యోగం, అది లెక్క కాదు, తీసేశాను. పని అయ్యాక కూర్చున్నది ఇరవై అయిదు. రేవుకి వెళ్లి వచ్చింది బయట, అదీ తీసేశాను. ఒకటిన్నర నుంచి ఈ నిమిషం దాకా, అంటే నాలుగుంబావు దాకా, నూట అరవై అయిదు. అన్నీ కలిపి మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. కావలసింది రెండు గంటలు."

పొయ్యి మీద నుంచి రిమ్మా తల బయటికి వచ్చింది, చెంప మీద గొర్రెతోలు ముద్రతో. తాను దిగినట్టు ఎవరూ చెప్పలేదు గనుక తన కాలం ఇంకా నడుస్తున్నట్టేనని అన్నది.

ఇన్నొకెంతి ల్వోవిచ్ కళ్లజోడు సర్దుకుని పద్నాలుగో గడిని మళ్లీ చదివాడు. ఆయన వేలు ఒక మాట దగ్గర ఆగింది. "ఎవరి బలవంతమూ లేక. మాకిక్కడ బలవంతం జరిగింది కదా."

"జరిగితే రాసేద్దాం," అన్నది ఫయీనా వెంటనే, కలం తీసి. ఆమె హేళన చేయడం లేదు. నిజమైతే అది కూడా రాయవలసినదే. "ఎవరు చేశారో చెప్పండి. దానికి పక్కనే గీత ఉంది."

ఆయన సవేలి వైపు చూశాడు.

"నా పేరెందుకు సార్," అన్నాడు సవేలి. "చూసుకుని రండి, తీసుకుపోతానన్నా. చూడొద్దన్నానా?"

ఆయన అవ్వ వైపు చూశాడు. తలుపు ఎప్పుడూ తీసే ఉందనీ, తాను లేచి ఎవరి చొక్కా పట్టుకునే వయస్సు కాదనీ అవ్వ అన్నది. మిగిలింది అద్దానికి ముసుగు వేసినవాడు. ఆ గీత మీద తన పేరే తాను రాసుకోవాలి. లేదంటే, ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసున్న అధికారి, మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన పట్టభద్రుడు, శకునం తనను బలవంతంగా ఆపిందని ప్రభుత్వ పత్రంలో సంతకం పెట్టి ఒప్పుకోవాలి.

అవ్వ ఒక్కసారిగా ముందుకు వంగింది. "ఉపన్యాసాలంటే గుర్తొచ్చింది. ఎనభై మూడులో మా క్లబ్బుకొకడొచ్చాడు, సన్నగా, మెడ ఇంత పొడుగు. శకునాలన్నీ అబద్ధమని రెండు గంటలు చెప్పాడు. అంతా అయ్యాక సంచీ తీసుకుని, వెళ్లే ముందు బల్ల మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. ఎవరూ నవ్వలేదులే, పాపం." కళ్లు చికిలించింది. "మెడ మాత్రం నీ మెడలాగే ఉంది నాయనా."

ఆయన కాదనలేదు. కిటికీలోంచి వచ్చే పలుచని వెలుగులో కలం అందుకుని, ఆ గీత మీద 'బలవంతం లేదు' అని రాశాడు. గడిలో 'మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు' అని, మొదట అక్షరాల్లో, తర్వాత అంకెల్లో రాశాడు. 'యాత్రికుడిని ఆకర్షించినది ఏది' అనే పదిహేనో గడి దగ్గర చాలాసేపు ఆగాడు. రిమ్మా పైనుంచి 'పొయ్యి' అన్నది. సవేలి 'చేప రొట్టె' అన్నాడు. ఆయన రెండూ రాయలేదు. 'వెళ్లబోయే ముందు కలిగే ఆలస్యం' అని రాశాడు. 'సంస్థ స్థితి' దగ్గర 'నడుస్తున్నది' చుట్టూ గుండ్రంగా గీశాడు. 'పైన్' కొట్టివేసి 'ఆల్డర్' అని దిద్ది, రెండు ప్రతుల మీదా సంతకం పెట్టి, దేనికోసమైతే వెనక్కి వచ్చాడో ఆ గుండ్రటి ముద్రతో అద్దాడు.

ఫయీనా పెదవులు బిగించి, సంతకం కింద తేదీ సరిగ్గా పడిందో లేదో చూసింది.

కత్తెరతో తాడు తెంపారు. దుప్పటి జారిపోయింది. ఇన్నొకెంతి ల్వోవిచ్ నూట నలభై మూడో వస్తువు ఎదుట నిలబడి తనను తాను చూసుకున్నాడు: వదులైన టై, మీసం మీద వెన్న, అయిదు కప్పుల తేనీటికి ఎర్రబడిన బుగ్గలు. అద్దంలోని మనిషిని చూడడానికి ఒక్క క్షణం సరిపోతుంది. ఆయన ఇంకొంచెం ఎక్కువ సేపే నిలబడ్డాడు.

తర్వాత అందరూ మళ్లీ కూర్చున్నారు. ఇప్పుడు సవేలి కూడా కూర్చున్నాడు. రిమ్మా అవ్వ కళ్ల వైపే భయంగా చూస్తూ కూర్చున్నది. అవ్వ నిమిషం లెక్కపెట్టినట్టు ఆగి, ఫయీనా వైపు ఒకసారి చూసి, "ఇక దేవుడే దిక్కు, పదండి," అని ఎవరి సాయమూ లేకుండా లేచింది.

వాళ్లు రేవు వైపు మలుపు తిరిగాక ఫయీనా బల్ల సర్దింది. బల్ల మీద, వెన్న గిన్నె పక్కన, అధ్యక్షుడి నల్ల తోలు చేతితొడుగు ఒకటి పడి ఉంది, ఎడమ చేతిది. కిటికీలోంచి పడవ ఇంకా కనిపిస్తున్నది. కేక వేస్తే వినపడే దూరమే. ఆమె కేక వేయలేదు. సోమవారం తపాలాలో పంపవచ్చు. అందాకా దాన్ని పొయ్యి పక్క గూటిలో ఉంచింది.

పొయ్యిలోకి మూడు బిర్చ్ కట్టెలు వేసింది. తరువాత తనకు మిగిలిన ప్రతిని మొదటి నుంచి చివరిదాకా చదివి, చివరన తానూ సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి, కుబాసొవ్ కుటుంబం తరతరాలుగా దాచవలసిన కాగితాలు దాచిన చోటనే, మూలనున్న పవిత్ర పటం వెనకాల, పోర్చుగల్ ఉత్తరం పక్కన పెట్టింది.